యవన చిత్రఘటము – ఏకవాక్యతా విచారము

శాస్త్రములు చదివిన మనకు ఘటశబ్దమంతటి పరిచితమైన శబ్దము వేఱొకటి లేదు. తర్కమున ఘటము, వేదాంతమున ఘటాకాశము, వ్యాకరణమున మరల ఘటమే. పతంజలి మహర్షి మహాభాష్యారంభముననే, ఘటము కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోయి చేసి యిమ్మని యడుగును గాని, శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి యట్లడుగఁడని చమత్కరించినాఁడు. ఇంతగా ఘటమును బేర్కొనుచు వచ్చిన మనము దానిని దృష్టాంతముగాఁ దప్ప వస్తువుగాఁ జూచుట యరుదు. దానిపై నుండు రేఖలను, వర్ణములను, బొమ్మలను అర్థముగలవానిఁగా నెంచి వ్యాఖ్యానింపఁ బూనుట మఱియు నరుదు.

ఈ యుపేక్ష వలన నొక చిక్కు గలిగినది. ఆంధ్రదేశమున అమరావతి, శాలిహుండము మొదలగు తావులఁ ద్రవ్వకములలో బయల్పడిన కుండపెంకులపై నొక వింత రేఖ కానవచ్చినంతనే యిది యవనుల సొమ్మని తీర్మానించువా రొక పక్షము. యవనుల కుండబొమ్మలతో మనకేమి పనియని త్రోసివైచువారు వేఱొక పక్షము. ఈ యుభయపక్షముల వాదములందును యవన ఘటము నొక్కదానినైనను మొదటినుండి తుదిదాఁకఁ జదివి చూచిన జాడ కానరాదు. ఒక భాషయందలి వాక్యము నెన్నఁడు నన్వయింపనివాఁడు, మన పద మా భాషనుండి వచ్చినదని గాని రాలేదని గాని చెప్పిన నెట్లుండునో, యిదియు నట్లే యున్నది. కావున నీ వ్యాసమున నొక ప్రసిద్ధ యవన ఘటమును గ్రహించి, మన శాస్త్రములు నేర్పిన వాక్యవిచార పద్ధతిచే దాని యలంకరణమును బరీక్షించి, పిదప మన దేశపు ఘటముల ప్రసంగమునకు వచ్చెదను.

గ్రహించిన ఘటము పండితలోకమునఁ గీజి ఘటమని పేరువడసినది. 1881వ సంవత్సరమున ఇటలీదేశమున, ప్రాచీనమగు వేయీ పట్టణపు ప్రాంతమున, ఫొర్మెల్లో గ్రామసమీపమందలి యొక ఎట్రుస్కను సమాధిదిబ్బను ద్రవ్వఁగా నిది ముక్కలుగా దొరకినది. ఆ భూమి కీజివంశపు ప్రభువులది యగుటచే నీ పేరు గలిగెను. ఇప్పుడు రోముననున్న విల్లా జూలియా ప్రదర్శనశాలలో నున్నది. ఇది కొరింథు నగర సంప్రదాయమునఁ జేయఁబడిన కూజా, కాలము క్రీ. పూ. 650–640 ప్రాంతము. యవనులు దీని యాకృతికి 'ఓల్పె' యని పేరిడిరి. ద్రాక్షారసమును బోయుటకై యేర్పడిన పాత్రము. ఎత్తు సుమారు 26 సెంటీమీటరులు. అనఁగా అడుగునకుఁ దక్కువ. ఇంతటి చిన్న కూజాపైఁ జిత్రకారుఁడు మూఁడు ప్రధాన చిత్రపంక్తులను, వాని నడుమ నొక సన్నని పంక్తిని జుట్టివచ్చునట్లు వ్రాసినాఁడు. పెద్ద పంక్తియైనను రెండంగుళముల యెత్తున నున్నది.

మొదట నీ పంక్తులను గ్రిందినుండి మీఁదికి వివరించెదను. అడుగున పాదమునుండి పైకెగయు కిరణములవలె మొనదేలిన రేఖలు గలవు. వానిపై మొదటి పంక్తి కుందేళ్ల వేఁట. దిగంబరులగు బాలురు వేఁటకుక్కలతోఁ బొదల మాటున దాఁగి పొంచియుండ, కుక్కలు జంతువులను దఱుముచున్నవి. ఒక బాలుఁడు పట్టిన కుందేళ్లను వీఁపున వ్రేలవైచుకొని యున్నాఁడు. దానిపై నల్లని నేలమీఁదఁ దెల్లని వర్ణముతో వ్రాసిన సన్నని పంక్తి. అందును గుక్కలు మృగములను దఱుముటయే విషయము. దానిపై నడిమి పెద్దపంక్తి. ఇందు విషయము లనేకములు: రథమును, గుఱ్ఱములనెక్కి వచ్చు యువకులును గల యూరేగింపు, ఒక శిరస్సునకు రెండు దేహములు గల రెక్కల సింహిక, ఒక మనుజుని నోటఁ గఱచిపట్టిన సింహమును, దానిని బల్లెములతోఁ బొడుచుచున్న వేఁటకాండ్రును, కడపట, కూజా పిడి క్రింద, ముగ్గురు దేవతల సౌందర్య వివాదము. అన్నిటికిఁ బైని మూఁడవ ప్రధానపంక్తి యుద్ధము. కవచములు దాల్చి గుండ్రని డాళ్లు పట్టిన పదాతులు వరుసలు దీర్చి యెదురెదురుగా వచ్చుచున్నారు. ఒక వరుస వెనుక నొక బాలుఁడు జంటపిల్లనగ్రోవి నూఁదుచున్నాఁడు. ఆ లయకే యడుగు లొక్కటిగాఁ బడవలెను. ఎడమవైపు సేనకు డాళ్ల లోపలిభాగమును, కుడివైపు సేనకు వెలుపలిభాగమును దానిపై లాంఛనములును గానవచ్చును. వరుసకట్టి పోరు యవన పదాతిసేనను జూపు చిత్రములలో నిది మిక్కిలి ప్రాచీనమైన వానిలో నొకటియని చరిత్రకారు లుదాహరించుచుందురు.

ఇఁకఁ బూర్వపక్షము. ఈ పంక్తులకుఁ బరస్పరసంబంధము లేదు. కుమ్మరివీథిలో నలవాటుపడిన విషయములను జిత్రకారుఁడు ఖాళీ చోటు నింపుటకై యొకదానిపై నొకటి పేర్చినాఁడు. వేఁట వేఁటయే, యుద్ధము యుద్ధమే. అనఁగా నిది వాక్యము గాదు, పదముల రాశి. 'ఆవు, గుఱ్ఱము, మనుజుఁడు, ఏనుఁగు' అని వరుసగాఁ బలికినంతమాత్రమున వాక్యము గానట్లే, వేఁటయు, సింహమును, దేవతలును, సేనయు నొక కూజాపై నున్నంతమాత్రమున నొక కావ్యము గానేరదు.

ఈ పక్షమును దేలికగాఁ ద్రోసివేయరాదు. వాక్యమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును గావలెను. వీనిలో సన్నిధి స్పష్టమే. పంక్తులన్నియు నొక్క పాత్రముననే యున్నవి. యోగ్యతకును బాధ లేదు. వేఁటకును యుద్ధమునకును విరోధ మేమియు లేదు. ఆకాంక్షయే సందిగ్ధము. విడఁదీసినచో సాకాంక్షములగు భాగములు, కలిపినచో నేకార్థమునిచ్చునది యొక వాక్యమని జైమినిమహర్షి లక్షణము. కుందేళ్ల వేఁటను విడఁదీసి చూచినను అది సంపూర్ణముగానే యున్నది; మఱి దేనిని నపేక్షించుటలేదు. ఈ లక్షణము ననుసరించినచోఁ బూర్వపక్షియే గెలుచును.

కాని మీమాంసకు లింతటితో నాఁగలేదు. తమతమ యర్థమును జెప్పి చరితార్థములైన వాక్యములును, అంగాంగిభావము ననుసరించి మరలఁ గూడుకొని యొక మహావాక్యముగా నేర్పడునని కుమారిలభట్టు చెప్పెను. కీజి ఘటమునకుఁ దగినది యీ వాక్యైకవాక్యత. కనుక నిచ్చట నడుగవలసిన ప్రశ్న యిది: ఈ పంక్తులలో నంగి యెయ్యది? అంగము లెవ్వి?

మీఁది యుద్ధపంక్తి యంగి యని నా యభిప్రాయము. ఏలయన, మనుష్యులు గల పంక్తులలో బాలురది క్రిందిది, చిన్నది. నడిమిపంక్తి విషయములచే నాలుగు ముక్కలైనది. మీఁదిపంక్తి యొక్కటియే పెద్దదియై, కూజా చుట్టును దిరిగివచ్చియు, నొకే క్రియను జెప్పుచున్నది. తక్కిన వానికి దానితోడి సంబంధము వయస్సు చొప్పున నేర్పడుచున్నది. అడుగున బాలురు, నడుమ యువకులు, మీఁదఁ బ్రౌఢులు. బాలునకుఁ గుందేలు, యువకునకు సింహము, ప్రౌఢునకు శత్రుసేన. అమెరికాదేశపు విమర్శకుఁడు జెఫ్రీ హర్విట్ 2002లోఁ బ్రకటించిన వ్యాసమున నీ ఘటమును సమగ్రముగాఁ జదువవలెననియు, ఇందలి చిత్రములు పురుషుని జీవితదశలకు సంబంధించి యొక క్రమమున నున్నవనియు వాదించెను. ఆ వాదము నేను గ్రహించుచున్నాను. కాని వయఃక్రమ మొక్కటియే చాలదు. క్రమము సంబంధమునకు లింగము గాని సంబంధమే కాదు. ఈ వాక్యములను గూర్చుచున్న యర్థము వేఱొకటి గలదు.

అది సంఘక్రియ. క్రింద నొక బాలుఁడు గాక బాలురు పలువురు గూడి పొంచియున్నారు. సింహముపై నొక వీరుఁడు గాక వేఁటకాండ్రు గుంపుగాఁ బడుచున్నారు. మీఁద సేనయం దెవ్వనికిని బ్రత్యేకమగు పేరు లేదు. ఒకని డాలు ప్రక్కవానిని గాచుచున్నది. అందఱ యడుగును బిల్లనగ్రోవి యేలుచున్నది. యవన పురాణగాథలం దేకవీరుల ద్వంద్వయుద్ధములు విస్తారముగాఁ గలవు. వాని నెఱిఁగియుండియు నీ చిత్రకారుఁడు యుద్ధపంక్తిలో నొక్క వీరునికైనఁ బేరు వ్రాయలేదు. ఇది యాకస్మికము కాదు.

ఇఁక దేవతల వివాదము మిగిలినది. ట్రాయి రాజకుమారుఁడగు అలెక్జాండ్రోసునెదుట, ఆతనికే పారిసు అని నామాంతరము, హేరా, ఎథీనా, ఆఫ్రొడైటి యను ముగ్గురు దేవతలు మాలో నెవ్వతె సుందరియని తీర్పుకోరిరి. అతఁడు ఆఫ్రొడైటి పక్షమునఁ దీర్పు చెప్పి, దానికి ఫలముగా హెలెనును బడసి, ట్రాయి యుద్ధమునకుఁ గారణభూతుఁడయ్యెను. ఈ చిత్రము సంఘక్రియకుఁ బూర్తిగా విపరీతము. ఇచ్చట నొక్కఁడే నిలిచి, తన యిష్టము ననుసరించి, యొక్క మాట చెప్పుచున్నాఁడు. తక్కిన చిత్రములు పదుగురు గూడినచోఁ గార్యము సిద్ధించు నన్నవి. ఇది యొక్కని యిచ్ఛచే ననర్థము పుట్టు నన్నది. అవి యన్వయము, ఇది వ్యతిరేకము. అన్వయవ్యతిరేకములు రెండును గూడినప్పుడే యర్థము స్థిరపడునని మనకు వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

ఇంతటి యర్థమును జిత్రకారుఁ డుద్దేశించినాఁడా, మన మారోపించుచున్నామా యని శంక. వక్తృతాత్పర్యమునకు లింగము కావలెను. అట్టి లింగము ఘటముననే కలదు. ఇన్ని చిత్రములలో నొక్క యీ దేవతల చిత్రమునందే పేరులు వ్రాయఁబడినవి. అలెక్జాండ్రోసు, ఎథీనా, ఆఫ్రొడైటి యను పేరుల యక్షరములు నేఁటికిని గానవచ్చుచున్నవి. తక్కినవి పేరులు లేని జనుల పనులు. ఇది మాత్రము పేరుగల వ్యక్తి పని. చూచువాఁ డిచ్చట నాఁగి యెవ్వరెవ్వరో తెలిసికొనవలెనని చిత్రకారుఁడు కోరినాఁడు. ఖాళీ చోటు నింపుటయే యుద్దేశమైనచో నక్షరముల శ్రమ యేల? మఱియు నీ చిత్రమును బిడి క్రింద నుంచుటచేత నది ఘటమునకు వెనుకభాగమైనది. విందులోఁ గూర్చున్నవారికి యుద్ధమును సింహమును ముందు కనఁబడును. పిడిని బట్టి రసము పోయువానిచేతి క్రిందనే యీ కథ యుండును. హేతువు వెనుకను, ఫలము ముందును నిలిచినట్లున్నది.

అయినను నన్నిటికి నర్థము గల్పింపఁబూనుట వ్యాఖ్యాతకు దోషము. రెండు దేహముల సింహికకు నీ మహావాక్యమున నేయర్థమును జెప్పఁజాలము. చెప్పవలసిన పనియు లేదు. శ్లోకమునఁ బాదపూరణార్థము నిపాతములు వచ్చునట్లే యిదియు వచ్చినది. కాని మంచి కవి నిపాతమును సైతము చోటెఱిఁగి ప్రయోగించును. ఊరేగింపు ముగిసి సింహపు వేఁట యారంభమగు సంధియందే యీ సింహిక నిలిచి, యొక విషయమును వేఱొక విషయమునుండి విడఁదీయు విరామచిహ్నము పని చేయుచున్నది.

మన యాలంకారికులు శబ్దచిత్రమును, అర్థచిత్రమును నధమకావ్యముగా లెక్కించిరి. అందు వ్యంగ్యము ప్రధానము గాకుండుటయే కారణము. ఆ కొలఁత ననుసరించియే చూచినను గీజి ఘట మధమచిత్రము గాదు. దీని ప్రధానార్థ మే పంక్తియందును వాచ్యముగా లేదు. పంక్తులన్నిటిని గలిపి చూచినవానికే స్ఫురించును. ఇంతేకాక పాత్రము గుండ్రనిది. ఏ చోట నిలిచి చూచినను సగము మఱుఁగుపడును. ఘటమును ద్రిప్పినఁ గాని యర్థము పూర్తిగాదు. గుండ్రదనము చిత్రకారునకు బాధకము గావలసినది. అతఁడు దానినే సాధకముగాఁ జేసికొనినాఁడు. క్షేమేంద్రుఁ డౌచిత్యమని చెప్పినది యిదియే.

పని నేర్పును గూర్చి కొంచెము చెప్పవలెను. యవనులు నలుపునకు వేఱు రంగు వాడలేదు. ఇనుము గల మేలిమట్టిని నీటఁ దేర్చి, యా సన్నని మడ్డితో బొమ్మలు వ్రాసి, ఆవమున మొదట గాలియాడనిచ్చి, నడుమ గాలిని మూసి, కడపట మరల గాలి విడిచి కాల్చెడివారు. వ్రాసిన చోటు నల్లఁబడి, తక్కినచోటు మట్టి సహజవర్ణమునకు వచ్చును. కీజి ఘటమున నలుపునకుఁ దోడు ఎఱుపు, గోధుమవన్నె, తెలుపు మొదలగు వర్ణములును గలవు. మొనగల పనిముట్టుతో గీఁకిన సన్నని గీఁతలచే నవయవములు తేర్పబడినవి. ఆవమున గాలిని మూసి నలుపు దెచ్చు మర్మము మనవారును నెఱుఁగుదురు. ధవళేశ్వరమునకు దిగువ గౌతమీ వసిష్ఠలుగాఁ జీలి, యేఁటేఁట నొండ్రు దెచ్చు గోదావరి యొడ్డున మట్టికిఁ గొదువ లేదు. సారె త్రిప్పు చేతులకును గొదువ లేదు. ఆంధ్రదేశపు రాకాసిగుళ్లలో దొరకు ప్రాచీన పాత్రలలో లోపలను మూతికడను నలుపు, వెలుపల క్రిందిభాగమున నెఱుపు గలవి బహుళముగా నున్నవి. విద్య యుండియు, మట్టి యుండియు, మనదేశమునఁ గూజాపైఁ గథ వ్రాయు నాచారము ప్రబలక పోవుటకుఁ గారణ మేమి?

కారణము ధర్మశాస్త్రమున దొరకునని తోఁచుచున్నది. మట్టిపాత్రమునకుఁ బునఃపాకముచే శుద్ధి గలదనియు, మద్యాదులు సోఁకినచో నా శుద్ధియు లేదనియు మనుస్మృతి పంచమాధ్యాయమునఁ జెప్పఁబడినది. యవనుని కూజా ద్రాక్షారసము పోయుటకుఁ బుట్టినది. తుదకు మృతునితోఁగూడ సమాధిఁ జేరినది. మనకట్టి పాత్రము పగులఁగొట్టవలసిన వస్తువు. రేపు పగులఁగొట్టఁబోవు దానిపై నేఁ డెవ్వఁడు కథ వ్రాయును? అందుచే నాంధ్రశిల్పి తన శ్రమను ఱాతికిచ్చెను. అమరావతి స్తూపఫలకములపైఁ దామరలు నిండిన పూర్ణకుంభములను జూడుఁడు. కుంభమునకు మెడయందు హారములు, ఉదరమునఁ బట్టెలు, మూతినుండి పొంగు పద్మములు. కొరింథులో ఘటము కథను మోసినది. అమరావతిలో ఘటమే స్తుత్యమైనది. ఈ భేద మెఱుఁగక యొకదానిని మఱియొకదానికిఁ బ్రతియనుట పొసఁగదు.

ఇప్పుడు మొదటి వివాదమునకు వత్తము. 1945లో మార్టిమర్ వీలర్ పండితుఁ డరికమేడునఁ ద్రవ్వించినపుడు, దంతచక్రముతో నొత్తిన చుక్కల వలయములు గల పళ్లెములు దొరకినవి. అవి మధ్యధరా సముద్రతీరమునుండి వచ్చినవని యతఁడు తలంచెను. అట్టి పెంకులే ఆంధ్రతీరమునను దొరకుటచే నా మాట యిచ్చటికిని వ్యాపించెను. కాని 1983 మొదలు విమలా బెగ్లీ చేసిన పునర్విచారమును, తరువాతి మట్టి పరీక్షలును వానిలో నధికభాగ మీ దేశపు మట్టితోనే చేయఁబడినవని తేల్చినవి. చక్రముతో నొత్తు పద్ధతి వెలుపలినుండి వచ్చియుండవచ్చును. పళ్లెము మాత్ర మిచ్చటిది. 1947లో బ్రహ్మగిరిఁ ద్రవ్వించిన యా వీలర్ పండితుఁడే, యెఱ్ఱని పూఁతయుఁ దెల్లని గీఁతలును గల పాత్రల కాంధ్రనామము నిచ్చెను. వానిపై నిలువుగీఁతలు, వాలుగీఁతలు, అల్లిక గీఁతలే కాని కథ లేదు. గీఁతకు గీఁత పోలినంతమాత్రమున వానిని యవనులతో ముడివెట్టుట, ధ్వని పోలినంతమాత్రమున రెండు భాషల పదముల నేకమని చెప్పుటవంటిది.

కీజి ఘటమే యిందుకు మంచి పాఠము. దాని యాకృతియుఁ జిత్రసంప్రదాయమును గొరింథువి. దానిపై నక్షరములు కొరింథు లిపివి కావని లిపిజ్ఞులు గుర్తించిరి. దొరకిన చోటు ఎట్రుస్కను సమాధి. ఒక్క కూజాయందే పాత్ర యొకచోటు చెప్పఁగా, లిపి మఱియొకచోటు చెప్పుచున్నది. యవనశబ్దమునకు లిపియను నర్థమందు యవనానీ యని రూపమును విధించిన కాత్యాయనుని వార్తికమును జదివిన మనకు, లిపియు జనమును వేఱువేఱుగా విచారింపఁదగినవని వేఱుగఁ జెప్పవలెనా?

నాగార్జునకొండలో రాజభవన ప్రాంతపు శిల్పములలో, మొలదాఁక దిగంబరుఁడై, గడ్డముగలవాఁడై, పానశృంగమును జేఁబట్టిన పురుషుఁ డొకఁడు గలఁడు. ఆ శృంగపాత్రము పశ్చిమదేశములదనుటలో సందేహము లేదు. కాని యతఁడు నిలిచిన చో టిక్ష్వాకుల స్తంభము; అతని చుట్టునున్న శిల్పము మనది. పద మన్యదేశ్యము, వాక్య మాంధ్రము. పరదేశపదము చేరినంతమాత్రమున వాక్యము పరదేశీయము గాదని తెనుఁగు వ్యాకరణములు చదివినవా రెల్లరు నెఱుఁగుదురు. అప్పును నిరాకరింపను వలదు. అప్పుచేతఁ గర్తృత్వమును గోలుపోవను వలదు.

కావునఁ బాఠశాలలలోఁ బ్రాచీనవస్తువులను గూర్చి చెప్పు పండితులకు నా విన్నప మిది. ఒక పెంకు చేతికి వచ్చినప్పు డిది యెవ్వరినుండి వచ్చినదని మొదట నడుగవలదు. ఈ రేఖ యే పాత్రముపై నున్నది, ఆ పాత్ర మేపనికిఁ బుట్టినది, ఈ రేఖకుఁ బ్రక్కరేఖతో నాకాంక్ష గలదా లేదా యని యడుగుఁడు. అన్వయము కుదిరిన పిదప వ్యుత్పత్తిని వెదకవచ్చును. అన్వయము కాకమునుపే వ్యుత్పత్తి చెప్పఁబోవువానిని మన గురువులు పాఠమున ముందుకుఁ బోనిచ్చెడివారు కారు.